పిక్చర్ రోల్‌కి మా వాళ్ళు పెట్టిన వంకలు

మొన్న పెద్దమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, చుట్టాలంతా బస్సులు పట్టుకుని వెళ్ళిపోయాక, ఆవిడ మంచం కింది రేకు పెట్టె బయటికి లాగాం. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసన కింద ఇంకోటి ఉంది. గుడ్డకి అంటించిన పాత కాగితం విశాఖ ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి చెమ్మగిల్లి, ఆరి, మళ్ళీ చెమ్మగిల్లితే వచ్చే వాసన. చూడకుండానే చెప్పేశాను, చీరల అడుగున పిక్చర్ రోల్ ఉంటుందని.

సండేస్కూలుకి వెళ్ళని వాళ్ళ కోసం చెప్తున్నాను. పిక్చర్ రోల్ అంటే గోడ క్యాలెండర్‌కి పెద్దన్న లాంటిది. చిన్నపిల్లవాడి ఎత్తు ఉండే రంగుల బొమ్మలు, పైన రేకు పట్టీతో బిగించి ఉండేవి. వారానికి ఒక బొమ్మ, మూడు నెలలకి సరిపడా పదమూడు. పాఠం అయిపోతే ఆ కాగితం వెనక్కి తిప్పేయడమే. అమెరికాలో ప్రావిడెన్స్ లితోగ్రాఫ్ కంపెనీ వాళ్ళు ఇలాంటివి లెక్కలేనన్ని అచ్చు వేశారు. అవే బొమ్మలు అరచేతిలో పట్టే కార్డులుగా కూడా వచ్చేవి. అక్కడి పిల్లలు చూసేసిన రోల్సూ కార్డులూ అక్కడి చర్చిలవాళ్ళు పోగుచేసి మిషన్లకి పంపేవారు. అలా సముద్రాలు దాటి సీబీఎం (కెనడియన్ బాప్టిస్టు మిషన్) కాంపౌండ్‌లో ఉన్న మా పెద్దమ్మ చేతికి వచ్చేసరికి వాటి మూలలు నలిగిపోయి, ఎవరో తెల్లపిల్లలు పెన్సిల్‌తో మీసాలు దిద్దిన ఫరోలు కూడా ఉండేవారు.

ఆ మీసాలు చెరపనిచ్చేది కాదు పెద్దమ్మ. "ఉండనీండిరా, ఐగుప్తు రాజుకి బాగానే ఉంది" అనేది.

*

పెద్దమ్మ పాఠం చెప్పే పద్ధతి వేరు. ముందు కథ చెప్పేది కాదు. బొమ్మ తిప్పి, వెదురు బెత్తం పక్కన పెట్టి, "చూడండి" అని ఊరుకునేది. మేం చూసేవాళ్ళం. కాసేపటికి ఎవడో ఒకడు నోరు విప్పేవాడు. విప్పాడంటే అది వంక పెట్టడానికే.

వంకల్లో మొదటివాడు జాలరిపేట నుంచి వచ్చే ఒక కుర్రాడు. పొద్దున్నే వలల దగ్గర పని చూసుకుని, ఒంటికి చేపల వాసనతోనే వచ్చి, చాప చివర కూర్చునేవాడు. పేతురు వాళ్ళ వలలో విస్తారంగా చేపలు పడిన బొమ్మ తిప్పిన రోజు వాడు లేచి నిలబడ్డాడు.

"ఏటమ్మగారూ, వల అలా పట్టుకుంటారేటి? సేతులు తెగిపోవూ?"

పెద్దమ్మ బొమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. నిజమే, చేపల బరువుతో వల చిరిగిపోతుందంటే ఆ గడ్డం ఆయన దాన్ని రెండు వేళ్ళతో చీర కుచ్చిళ్ళు పట్టినట్టు పట్టుకున్నాడు. వాడు ఆగలేదు. "అన్నీ ఒక్క సైజు సేపలేటి? వల్లో పడితే వంజరం, సందువ, కవ్వళ్ళు, పీతలు అన్నీ కలిసి పడతాయి."

అప్పుడు ఆవిడ బైబిలు తీసి యోహాను సువార్త చివరి అధ్యాయం చదివించింది. పునరుత్థానం తర్వాత అలాంటి సంగతే ఇంకోటి జరుగుతుంది. అక్కడ పడినవి పెద్ద చేపలే అనీ, 153 అనీ లెక్క రాసి ఉంటుంది. వాడి మొహం విప్పారింది. "లెక్కెట్టారా? అయితే నిజం జాలర్లే. లెక్కెట్టకపోతే పంపకాల కాడ కొట్టుకుంటారు." ఆ 153కి ఏదో గూఢార్థం ఉందని పెద్దవాళ్ళు పాత రోజులనుంచీ రాస్తూనే ఉన్నారు. పాతకాలపు బిషప్పు, మహా పండితుడు అగస్టీను అంతటివాడు ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153 వస్తుందని చూపించాడు. నాకు మాత్రం జాలరిపేట వ్యాఖ్యానమే నచ్చుతుంది.

*

మా నాన్న, ఊళ్ళోవాళ్ళు సింధియా అని పిలిచే హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్పెంటర్. చర్చికి వచ్చినా వెనక బెంచీయే. కానీ పెద్దమ్మ రోల్‌లో ఓడ బొమ్మ ఉన్న వారం మాత్రం ఆయన్ని పిలిపించేది. నోవహు ఓడ బొమ్మలన్నీ ఆయనకి మహా కోపం తెప్పించేవి. పడవ మీద పెంకుటిల్లు పెట్టినట్టు ఉంటుంది కదా, కిటికీలోంచి జిరాఫీ మెడ బయటికి పెట్టి. "ఇది గాలి తగిలితే ఒక్క పల్టీ. జిరాఫీ ముందు మునుగుతుంది" అనేవాడు.

ఒకసారి ఆదికాండము తెరిచి కొలతలు చదవమన్నాడు నన్ను. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూరకి అడుగున్నర వేసుకుంటే 450 అడుగుల పొడవు, 75 వెడల్పు, 45 ఎత్తు. సుద్దముక్కతో చర్చి వరండా గచ్చు మీదే గీశాడు. "ఆరుకి ఒకటి. పొడవుకీ వెడల్పుకీ ఉండాల్సిన లెక్క దగ్గర దగ్గర ఇదే. మా యార్డులో వేసే ఓడలూ ఈ వరసే. కొలతలు చెప్పినవాడికి ఓడ సంగతి తెలుసు. బొమ్మ వేసినవాడే ఓడెక్కి ఉండడు."

పాస్టరుగారు ఆ మాటని ఆ వారమే ప్రసంగంలో వాడేసుకున్నారు, పేరు చెప్పకుండా. నాన్న ఇంటికొచ్చి అన్నం తింటూ నవ్వుకున్నాడు.

*

క్రిస్మస్ కార్డుల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. వాడేసిన కార్డులు కట్టలు కట్టలుగా వచ్చేవి, అన్నిట్లోనూ మంచు. బెత్లెహేములో మోకాలి లోతు మంచు. మేం చూసిన మంచు ఐస్ ఫ్రూట్ బండిలోదే. సరుగుడు కొమ్మ తెచ్చి క్రిస్మస్ ట్రీ పెట్టి, దాని మీద దూది అంటించేవాళ్ళం. జనవరి వచ్చేదాకా కాంపౌండంతా ఆ దూది ఎగురుతూ ఉండేది.

*

తలుపు తట్టే యేసు బొమ్మ ఎవరికి తెలియదు! చేతిలో లాంతరు, తల మీద ముళ్ళ కిరీటం, ఎదురుగా మూసిన తలుపు. ఇంగ్లండులో విలియం హోల్మన్ హంట్ అనే ఆయన 1853లో పూర్తి చేసిన బొమ్మ అది. దాన్నే మళ్ళీ పెద్దగా వేస్తే, 1905 నుంచి రెండేళ్ళపాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా తిప్పి చూపించారట. ఇప్పుడది లండన్ సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఉంది. ఈ బొమ్మ చూపించిన ప్రతి సండేస్కూల్ టీచరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఈ తలుపుకి ఏం లేదు?" జవాబు, బయట పిడి లేదు, గొళ్ళెం లోపలే ఉంది, మనమే తియ్యాలి. మా క్లాసులో ఎవడో "కాలింగ్ బెల్ లేదండీ" అన్నాడు. ఆ వారానికి బహుమతి కార్డు వాడికే ఇచ్చింది పెద్దమ్మ.

కానీ ఆ బొమ్మకి అసలు వంక పెట్టింది నాయనమ్మ. ఆవిడకి చదువు రాదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చాలాసేపు చూసి, "ఎవరి ఇల్లమ్మా అది, గుమ్మం ముందు కలుపు మోకాలెత్తు పెరిగిపోయింది. వాకిలి ఊడ్చే దిక్కు లేదా?" అంది. అందరూ నవ్వారు. చాలా ఏళ్ళకి నేను ఆ బొమ్మ గురించి చదివితే తెలిసింది, ఆ కలుపు చిత్రకారుడు కావాలనే వేశాడట. ఎన్నాళ్ళుగానో తెరవని తలుపని తెలియాలని. నాయనమ్మ వాకిలి చూసి కనిపెట్టేసింది.

యేసు శిష్యులతో చేసిన కడరా భోజనం బొమ్మ దగ్గర కూడా ఆవిడదే తీర్పు. లియొనార్డో 1490ల చివర్లో మిలాన్‌లోని ఒక మఠం భోజనశాల గోడ మీద వేసిన బొమ్మకి నకళ్ళవి. మా ఊళ్ళో ఫ్రేము కట్టే ప్రతి షాపులోనూ వేలాడుతూ ఉండేవి. పదమూడుమందీ బల్లకి ఒకే పక్క కూర్చున్నారేమిటని మా అన్నయ్య అడిగాడు. "బంతి భోజనం కదరా. ఎదుటివైపు వడ్డించేవాళ్ళు తిరగాలి" అంది నాయనమ్మ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

*

ఇదంతా నాన్న వైపు. అమ్మ వాళ్ళది జ్ఞానాపురం, క్యాథలిక్ కుటుంబం. ఆ పెళ్ళి ఎలా జరిగిందో వేరే కథ, ఇప్పుడొద్దు.

మా చర్చిలో గోడకి ఏమీ ఉండేది కాదు. సున్నం, గడియారం, కీర్తనల నంబర్లు రాసే నల్లబల్ల. బొమ్మలు పిల్లలకి, అదీ చుట్టి పెట్టెలో పెట్టేయాలి. జ్ఞానాపురంలో అమ్మమ్మ ఇంటికెళ్తే గోడ కనిపించేది కాదు. తిరుహృదయం పటం కింద ఎర్రటి జీరో బల్బు. దాని పక్కన జోజప్ప, అంతోనివారు, తిరుకుటుంబం. బీరువా తలుపు లోపలివైపు కూడా చిన్న చిన్న పటాలు, ఎవరిదో మొదటి సత్ప్రసాదం, ఎవరిదో మొక్కు. సాయంత్రం ఆ ఎర్రబల్బు వెలుతురులో జపమాల చెప్పేవాళ్ళు. పక్కనే రైల్వే లైను కాబట్టి గూడ్సు వెళ్తున్నంతసేపూ గొంతు పెంచేవారు, వెళ్ళిపోయాక తగ్గించేవారు.

నాకు అక్కడ అన్నిటికంటే ఇష్టమైనది నిత్య సహాయమాత పటం. క్రీటు ద్వీపం నుంచి రోముకి చేరిన పాత పటానికి నకలు. బంగారు రంగు నేపథ్యం, రెండు పక్కలా దేవదూతలు సిలువా బల్లెమూ పట్టుకుని. అవి చూసి బాలయేసు బెదిరి తల్లి చేతిని పట్టుకున్నాడు. ఆ కంగారులో ఒక కాలి చెప్పు ఊడి, పట్టీకి వేలాడుతూ ఉంటుంది. ఆ చెప్పు కింద పడుతుందేమోనని ప్రతిసారీ చూసేవాణ్ణి. "పరిగెత్తుకొచ్చాడు నాన్నా, అమ్మ దగ్గరికి" అని అమ్మమ్మ చెప్పేది. దేవుడికి భయం వేయడం మా రోల్‌లో ఎప్పుడూ చూడలేదు నేను. గెత్సేమనే తోటలో కూడా మా యేసు బండ మీద చేతులు జోడించుకుని ఫోటోకి కూర్చున్నట్టు ఉండేవాడు.

ఈస్టరు ముందు వచ్చే తపసుకాలం శుక్రవారాలు సిలువ మార్గం. గుడి గోడల మీద పద్నాలుగు స్థలాల బొమ్మలు. ఒక్కో బొమ్మ దగ్గర మోకరించి, లేచి, ఇంకో బొమ్మ దగ్గరికి. మా సండేస్కూల్లో మనం కూర్చుంటే బొమ్మ మారేది. ఇక్కడ బొమ్మ కదలదు, మనమే నడవాలి. డిసెంబర్ 8న రాస్ హిల్ ఎక్కడం కూడా నాకు అందులో భాగంగానే ఉండేది. ఒక కొండ మీద మేరీమాత గుడి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి, కింద హార్బరు. కొండెక్కే జనంలో అన్ని మతాలవాళ్ళూ ఉండేవారు. మెట్ల పక్కన పటాలమ్మేవాళ్ళ దగ్గర మరియమ్మ పక్కనే కనకమహాలక్ష్మి కూడా ఉండేది. ఏది కొనాలో అమ్మేవాడు చెప్పేవాడు కాదు.

*

నాన్న వైపు తాతయ్యకి ఈ పటాల గొడవ నచ్చేది కాదు. మిషన్ స్కూల్లో మాస్టరుగా చేసినవాడు. నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం, ఏ ప్రతిమనూ చేసుకోవద్దు, అంతే. ఒక పెళ్ళి భోజనాల దగ్గర జ్ఞానాపురం నుంచి వచ్చిన ఒక ఫాదర్‌తో వాదన పడింది. వాళ్ళు కేకలు వేసుకోలేదు. ఇద్దరూ సాంబారు పోయించుకుంటూనే ఉన్నారు.

ఫాదర్ అన్నారు, 600 ప్రాంతంలోనే మార్సెయ్ బిషప్పు ఒకాయన గుడిలో బొమ్మలు పగలగొట్టిస్తే, పోపు గ్రెగొరీ ఉత్తరం రాశారు, పూజించవద్దంటే సరే, పగలగొట్టడం ఎందుకు, చదువురానివాళ్ళు గోడ మీద చదువుకునేది అదే కదా అని. తర్వాత తూర్పున రోమను చక్రవర్తులే పటాలు తీయించేస్తే, 787లో నికయలో బిషప్పుల సభ కూడి, పటానికి చేసే గౌరవం పటంలో ఉన్నవారికి చెందుతుందని తీర్మానించారు. తాతయ్య సభల్ని ఒప్పుకోడు. కానీ గ్రెగొరీ మాట దగ్గర ఆగాడు.

అమ్మమ్మ వడ్డిస్తూ అందుకుంది. "బావగారూ, మీ కోడలు పిల్లలకి తిప్పే ఆ చుట్ట ఏమిటండీ మరి?"

"అది పాఠం."

"ఇదీ పాఠమేనండి. మాది చుట్టి పెట్టం, అంతే."

*

చీర కట్టుకున్న మరియమ్మ బొమ్మతో ఒక క్యాలెండర్ వచ్చింది ఒక ఏడు. గోవాకి చెందిన ఆంజెలో ద ఫొన్సెకా లాంటివాళ్ళు మన దేశపు మనుషుల్లాగే మరియమ్మనీ యేసునీ చిత్రించారు. ఆయన బొమ్మల మీద గోవాలో పెద్ద దుమారం లేస్తే పుణె వెళ్ళి ఒక ఆశ్రమంలో ఉండి వేసుకున్నాడు. మా ఇంట్లో దుమారం చిన్నదే. నాయనమ్మకి ఆ చీర కట్టు నచ్చలేదు, "పనిచేసుకునేది అలా కడితే కాలికి అడ్డం పడుతుంది" అంది. అమ్మమ్మ మాత్రం, వేళాంగణి మాతకి ఎప్పటినుంచో చీరే కదా, ఇందులో కొత్తేముందంది. పెద్దమ్మ ఆ క్యాలెండర్ బొమ్మ కత్తిరించి రోల్ చివర అంటించింది. మొన్న పెట్టెలో చూస్తే ఇంకా ఉంది.

*

తాతయ్యకి బొమ్మలు అక్కర్లేదన్నానా, ఒక్కదానికి మినహాయింపు. సంఘ చరిత్ర బొమ్మలు. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలోంచి విడిపోయిన కాగితాలు ఆయన అట్టలకి అంటించి పెట్టుకున్నాడు. వేసవి సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక వాటిని తీసేవాడు.

స్ముర్న బిషప్పు పొలికార్పు అందులో మొదటివాడు. ముసలాయన. క్రీస్తుని తిట్టు, వదిలేస్తాం అంటే, 86 ఏళ్ళుగా ఆయన నాకే కీడూ చేయలేదు, ఎలా తిట్టను అన్నాడు. మంట పెడితే అది ఆయన చుట్టూ, గాలి నిండిన తెరచాప లాగా వంపు తిరిగి నిలబడిందని అప్పటివాళ్ళు రాశారు. తాతయ్య ఇది చెప్పినప్పుడు నాన్న కూడా పేపరు దించేవాడు.

జర్మనీలో విట్టెన్‌బర్గ్ చర్చి తలుపుకి, పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని తప్పుపడుతూ లూథర్ రాసిన 95 వాదాలు మేకుతో కొడుతున్న బొమ్మ వస్తే మాత్రం నాన్న ఊరుకోలేదు. "సుత్తి కామ మొదట్లో పట్టుకున్నాడు. ఆ పట్టుకి మేకు దిగదు, బొటనవేలు దిగుతుంది. ఈయన కొట్టలేదు, ఎవరో కొట్టి ఉంటారు." 1517లో లూథర్ నిజంగా స్వయంగా మేకు కొట్టాడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాన్న అదేమీ చదవలేదు.

లూథర్, బైబిలుని ఇంగ్లీషు చేసిన టిండేల్, బెంగాల్లో బైబిలు అనువాదాలు చేయించిన శ్రీరాంపూర్ కేరీ, అందరూ ఉన్నారు ఆ అట్టల్లో. మన ఊరివాళ్ళే లేరని తాతయ్య బాధ. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడై సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, మరుసటి ఏడే దెగ్రాంజ్ పోయాడు. అచ్చు వాళ్ళిద్దరూ చూడలేదు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్లో అచ్చయ్యాయి. తర్వాత ఇదే ఊళ్ళో ఉన్న ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. "ఇంత జరిగితే ఒక్కడూ బొమ్మ వేయలేదురా" అనేవాడు తాతయ్య. ఆ లండన్ మిషన్ వాళ్ళే తర్వాత హెరాల్డ్ కాపింగ్ చేత బోలెడు బొమ్మలు వేయించారు. అందులో మన క్రాన్ బొమ్మ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మలు బాగా వేసేవాడు మా పెదనాన్న కొడుకు అన్నయ్య. డ్రాయింగ్ షీటు కొనిపెట్టి, నువ్వు వెయ్యి అన్నాడు తాతయ్య. అన్నయ్య రెండు ఆదివారాల మధ్య వేశాడు. డాల్ఫిన్ నోస్ కొండ, సముద్రం, దూరంగా ఓడ, ఒడ్డుకొస్తున్న పడవలో టోపీలు పెట్టుకున్న ఇద్దరు దొరలు, వెనకాల హార్బరు క్రేన్లు.

ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. నాన్న మొదలుపెట్టాడు. "క్రేన్లు తీసెయ్. 1805లో హార్బరేది? 1933లో కదా తెరిచింది. అంతకుముందు ఓడ లోపలికి రాదు, దూరంగా లంగరేస్తే మసూలా పడవల్లో దింపేవారు." క్రేన్లు చెరిపేశాడు. తాతయ్యేమో ఆనందరాయర్ లేకుండా ఈ బొమ్మకి అర్థమే లేదన్నాడు. ఆయన మూడేళ్ళ తర్వాత వచ్చాడు కదా, ఒడ్డున ఎలా నిలబెట్టను అని అన్నయ్య. అయినా నిలబెట్టు, వెనక్కి తిరిగి నిలబెట్టు, అన్నాడు తాతయ్య. నాయనమ్మకి ఆ ఎండలో దొరలకి గొడుగు పట్టే మనిషి కావాలి. పెద్దమ్మ ఏమీ అడగలేదు, ఆరనివ్వండి ముందు, అంది.

ఆదివారం దాన్ని రోల్ మీద గుండుసూదులతో గుచ్చింది. "చూడండి" అని ఊరుకుంది. పిల్లలంతా మన కొండ, మన కొండ అని గోల చేశారు. జాలరిపేట కుర్రాడు చాప చివర నుంచి లేచి వచ్చి, పడవకి ముక్కు ఆనించి చూశాడు.

"మేకులెందుకేసినావు?"

"పడవన్నాక మేకులుండవా?" అన్నాడు అన్నయ్య.

"మసూలా పడవకి మేకులేటి! కొబ్బరి నారతో కుడతారు. మేకు కొడితే అలకి పగిలిపోద్ది. మా తాతనడుగు." తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నాన్న వైపు తిరిగాడు. "మీరు సింధియాలో సేత్తారు గదా బాబూ, సెప్పలేదేటి?"

నాన్న చొక్కా జేబులోంచి రబ్బరు తీసి అన్నయ్యకి ఇచ్చాడు.